తల దాచుకున్న కోటాసారస్ గారికి

అయ్యా,

నమస్కారాలు. తమరి బొమ్మకు మావాడికి పదికి నాలుగు మార్కులొచ్చాయి. పక్కన ఎర్ర పెన్నుతో 'ముఖం సరిగా లేదు, రేపటికి మళ్లీ గీయాలి' అని రాసుంది. చూడగానే తల కొట్టేసినట్టయింది. నాకే లెండి. తమరికి ఆ బాధ లేదు.

క్లాసంతా టీ-రెక్స్ గీస్తుంటే 'మన గోదావరి లోయలో దొరికిన డైనోసార్ ఉండగా ఆ అమెరికావాడెందుకురా' అని ఎగదోసింది నేనే. శాకాహారి, నాలుగు కాళ్లు, 9 మీటర్ల పొడవు, దాదాపు 18 కోట్ల ఏళ్ల కిందటి తొలి జురాసిక్ కాలం. వివరాలన్నీ చకచకా దొరికాయి. ఆదివారం భోంచేసి కూర్చున్నాం. తోక, పొట్ట, కాళ్లు, మెడ అయ్యాయి. ఇక తల.

యామన్‌పల్లి దగ్గర మీవాళ్లు కనీసం 12 మంది కలిసి 840 ఎముకలు వదిలిపోయారు. శిలాజాల శాస్త్రవేత్త యాదగిరి గారు వాటిని పరిశీలించి 1988లో తమరికి పేరు పెట్టారు. ఇన్ని ఎముకల్లో ఒక్క పుర్రె లేదు! ఏవో కొన్ని పళ్లు, అంతే. మీ జాతికి పుర్రె పలచన, మెడకు అతుకు వదులు, చచ్చాక ముందు ఊడేది అదేనట. సరే. ఒకడిది ఊడుతుంది, ఇద్దరిది ఊడుతుంది. పన్నెండు మందివీ ఊడిపోతాయా? పళ్లు జాగ్రత్తగా దాచిపెట్టినవాడివి, వాటి వెనకున్న దవడ దాచడానికి నీకేం రోగం? హైదరాబాద్ బిర్లా మ్యూజియంలో నిలబెట్టిన నీ అస్థిపంజరం ఫొటోలన్నీ సాయంత్రం దాకా వెతికాను. తీరా చూస్తే ఆ తలకాయ కూడా మనుషులు చేసి తగిలించిందే!

మీ చుట్టం బారపాసారస్‌దీ ఇదే వరస. తల లేకపోయినా శాస్త్రీయ నామంలో ఠాగూర్ పేరు మాత్రం తగిలించుకున్నాడు.

మార్కులొచ్చిన రోజు రాత్రి పదింటికి మళ్లీ మొదలుపెట్టాం. వాడు నిన్ను గడ్డి మీద నిలబెట్టబోతే, అప్పటికి గడ్డే పుట్టలేదురా, చెట్టు వెయ్యి అన్నాను. గుబురుగా పెద్ద చెట్టు వేశాడు. నీ మెడ పొడుగ్గా లాక్కెళ్లి ఆ ఆకుల్లోకి దూర్చి, పెన్సిల్ పక్కన పెట్టేశాడు.

"తలేదిరా?"

"లోపలుంది నాన్నా. తింటోంది."

ఇట్లు,
ఒక తండ్రి