నాగమ్మను మంచిదాన్ని చెయ్యొద్దు

పాత కథల్లో చెడ్డపేరు మోసిన ఆడవాళ్లను వెనకేసుకొచ్చే నవలలకు ఇప్పుడు మంచి గిరాకీ ఉంది. ఆ వరసలో పల్నాటి యుద్ధంలో గురజాల రాజు నలగాముడికి మంత్రిగా ఉన్న నాయకురాలు నాగమ్మ గురించి రాయాల్సిందే. నా భయమల్లా ఆమె చేతికున్న విషపు మరకను శుభ్రంగా కడిగేసి రాస్తారేమోనని.

కడిగెయ్యాలనిపించడానికి కారణం లేకపోలేదు. 12వ శతాబ్దపు ఆ పోరు మనకు ఎక్కువగా అవతలి పక్షం, అంటే మాచర్ల రాజు మలిదేవుడి మంత్రి బ్రహ్మనాయుడి వైపు నుంచే అందింది. శ్రీనాథుడి పేరున ఉన్న పల్నాటి వీరచరిత్ర పుట్టింది ఆ తర్వాత రెండు వందల ఏళ్లకు పైగా గడిచాకే. కారంపూడిలో ఏటా కొలిచేదీ అటువైపు వీరుల్నే. కోడిపందెంలో రాజ్యాన్ని ఒడ్డి, ఓడి, మలిదేవుణ్ణి ఏడేళ్లు ఊళ్లొదిలి పోయేలా చేసిన మంత్రి దేవుడి అంశ అయ్యాడు. గెలిచిన మంత్రి మాయలాడి అయింది. మోసంతో గెలిచిందంటారు. సరే, చేసిందే అనుకుందాం. రాజ్యాన్ని కోడి కాలికి కట్టమని ఆయనకెవరు చెప్పారు?

అయితే అలరాజు సంగతి వేరు. అక్కడ నాగమ్మ తరఫున వాదించడం కష్టం. నలగాముడు, మలిదేవుడు అనుగురాజు బిడ్డలే, తల్లులు వేరు. గడువు తీరాక మలిదేవుడి వాటా అడగడానికి గురజాలకు రాయబారిగా వచ్చిన అలరాజు నలగాముడికి సొంత అల్లుడు. అతనికి విషం పెట్టించింది నాగమ్మేనని కథ చెబుతుంది. నవలాకారులు ఈ నేరాన్ని ఇంకొకరి మీదికి నెట్టేస్తే నాగమ్మ బతికిపోతుంది గానీ నవల చచ్చిపోతుంది. వాటా ఇస్తే నలగాముడి బలం సగమవుతుంది, మాచర్లలో బ్రహ్మనాయుడు మళ్లీ లేస్తాడు, తన మంత్రి పదవీ ఊడొచ్చు. ఇందులో రాజభక్తి ఎంత, స్వార్థం ఎంత? నాగమ్మకే తెలిసి ఉండదు. ఆ తెలియకపోవడాన్నే పేజీల కొద్దీ రాయాలి.

ఇంకోటి గమనించండి. ఈ కథలో మాంచాల బ్రహ్మనాయుడి కొడుకు బాలచంద్రుడికి భార్య, ఐతమ్మ అతని తల్లి, పేరిందేవి నలగాముడికి కూతురు, అలరాజుకు భార్య. నాగమ్మ ఒక్కతే ఎవరికీ ఏమీ కాకుండా సభలో కూర్చుంది. ఒక కుటుంబం తగవును ఆ కుటుంబం కాని మనిషి నడిపించడం మామూలు టెన్షనా!

అలరాజు భార్య పేరిందేవి సహగమనం చేసింది. గురజాల కోటలో పెరిగిన ఆ పిల్ల నాగమ్మ కళ్లెదుటే పెద్దదై ఉండొచ్చు. ఇది నా ఊహే. అల్లుడు పోయిన కబురు తెలిసిన రాత్రి నలగాముడు కూతురి దగ్గరికి ముందు వెళ్లాడా, మంత్రి దగ్గరికా? నేనైతే నవలను అక్కణ్ణుంచే మొదలుపెడతాను.