తగరాన్ని చెడగొట్టిన ఆక్సైడ్‌కి

స్ట్రాన్షియం టిన్ ఆక్సైడ్ గారికి,

నమస్కారం. నేను హైస్కూల్లో ఫిజికల్ సైన్స్ మాస్టార్ని. లోహాలు దానకర్ణులనీ, ఎలక్ట్రాన్లు ఇస్తాయే తప్ప పుచ్చుకోవనీ ఏటా పదో తరగతికి చెప్తుంటాను. మీ గురించి చదివినప్పటి నుంచీ ఆ మాట బోర్డు మీద రాయాలంటే చెయ్యి ఆడటం లేదు.

ఇత్తడి గిన్నెలకు కళాయి వేసే తగరం ఎంత బుద్ధిమంతురాలు! మీ పంచన చేరాక నాలుగు ఎలక్ట్రాన్లు లాక్కుని మైనస్ నాలుగై కూర్చుంది. సహవాస దోషం. పెరోవ్‌స్కైట్ అని ఒక స్ఫటిక నిర్మాణం ఉంది, మామూలుగా దాంట్లో లోహం మధ్యన ఉంటే ఆరు ఆక్సిజన్లు చుట్టూ నిలబడతాయి. మీ ఇంట్లో ఆక్సిజనే పెళ్ళికొడుకులా నడిమధ్య, ఆరు స్ట్రాన్షియంలు చుట్టూ. అందుకే మిమ్మల్ని యాంటీపెరోవ్‌స్కైట్ అంటారట. పేరులోనే పేచీ.

పరమాణువులతో ఆగారా? ఎలక్ట్రాన్ల శక్తి స్థాయిలనూ తారుమారు చేశారు. పైనుండాల్సిన స్ట్రాన్షియంవి కిందికి, కిందుండాల్సిన తగరంవి పైకి. దాంతో కొన్ని ఎలక్ట్రాన్లు ఒంట్లో బరువే లేనట్టు పరుగెడుతున్నాయి. ఈ తలకిందుల యవ్వారాన్ని పెద్దలు టోపాలజీ అంటున్నారు. మా ఊళ్ళో వేరే మాట ఉంది, ఉత్తరంలో రాయను.

2016లో క్యోటో విశ్వవిద్యాలయం వాళ్ళు మీలో సూపర్‌కండక్టివిటీ, అంటే నిరోధమే లేకుండా కరెంటు పారడం, చూశారు. సంతోషం. కానీ స్ట్రాన్షియం ఫార్ములా ప్రకారం నిండుగా పెడితే మీరు కదలరు, కొంచెం తగ్గించి వడ్డించాలి. అదీ 5 కెల్విన్ దగ్గర, అంటే మైనస్ 268 డిగ్రీల చలిలో. పాదరసం 1911లోనే 4.2 కెల్విన్ దగ్గర, కిక్కురుమనకుండా చేసిన పని అది. నూటయిదేళ్ళకు మీరు కలిపింది ఒక్క డిగ్రీ కూడా లేదు!

ఇక గాలి తగిలితే మీరు పాడైపోతారు. ఆక్సైడ్ అయ్యుండి ఆక్సిజన్ పడకపోవడమేంటండీ? ఆర్గాన్ నింపిన పెట్టెలో, గ్లవ్స్ తొడుక్కున్న చేతులతో తప్ప ముట్టుకోనివ్వరు. మొదటి సంక్రాంతికి వచ్చిన అల్లుడు కూడా ఇన్ని మర్యాదలు అడగడు.

అసలు సంగతికొస్తాను. నిన్న పేపర్లు దిద్దుతుంటే ఒకడు 'తగరం ఎలక్ట్రాన్లను గ్రహించును' అని రాశాడు. క్లాసులో నిద్రపోయి రాశాడో, నాకన్నా ముందు మీ గురించి చదివి రాశాడో తెలీదు. ఎర్ర పెన్ను పట్టుకుని గంట నుంచి కూర్చున్నాను. మార్కు వెయ్యనా, కొట్టెయ్యనా? రేపు పేపర్లు ఇచ్చెయ్యాలి. గాలి తగలకుండా త్వరగా జవాబు రాయండి.

ఇట్లు,
టెన్షన్‌లో ఉన్న మాస్టారు