డైక్లోఫెనాక్ గోలీ గారికి, మర్రిగూడ దిక్కు నుంచి

నొప్పుల గోలీ గారికి దండాలు.

మా ఇంట్లో మీకు సొంత జాగా ఉంది. దేవుడి అర పక్కన, పాత క్యాలెండర్ కాగితంలో చుట్టిన పొట్లం. అమ్మ పొద్దున దేవుడి కంటే ముందు మిమ్మల్నే తలుచుకుంటుంది. నేను తప్పు పట్టను. దేవుడు ఆమె నడుము లేపలేదు, మీరు కనీసం బాత్రూం దాకా లేపుతారు.

అమ్మ పుట్టి పెరిగింది మర్రిగూడ మండలంలో. తాగింది బోరు నీళ్లు. లీటరుకు ఒకటిన్నర మిల్లీగ్రాములు దాటితే ఫ్లోరైడ్ ఒంటికి మంచిది కాదట. ఆ ముచ్చట మా బోరుకు ఎవరూ చెప్పలేదు. రాతిలోంచి నీళ్లలోకి, నీళ్లలోంచి ఎముకల్లోకి దిగింది. ఇప్పుడు అమ్మ మెడ తిరగదు, ఎవరైనా పిలిస్తే మనిషి మొత్తం తిరగాలి. కొత్తగా వచ్చిన మేనకోడలు "అత్తమ్మకు పొగరు" అనుకుందట, పాపం.

పటిక, సున్నం వేసి నీళ్లలో ఫ్లోరైడ్ తగ్గించే పద్ధతికి ప్రపంచమంతా "నల్గొండ టెక్నిక్" అనే పేరు. మా జిల్లా పేరు ఆఫ్రికా దాకా పోయింది. అమ్మ మాత్రం నొప్పుల డాక్టర్ కోసం హైదరాబాద్ దాకా పోలేకపోయింది. బస్సులో అంతసేపు కూర్చోలేదు.

మిషన్ భగీరథ నల్లా వచ్చింది, అబద్ధమెందుకు. మా వాడలో చిన్నపిల్లలు నవ్వితే పళ్లు తెల్లగా ఉంటున్నాయి. కానీ నల్లా తిప్పినంత మాత్రాన ఎముకలో పట్టింది వెనక్కి రాదు. నీళ్ల పంచాయితీ తెగింది కాబట్టి నొప్పి పంచాయితీ కూడా తెగినట్టే లెక్క రాసుకున్నారు. మిగిలిన పనంతా మీకు అప్పజెప్పారు. మండలంలో నొప్పుల డాక్టర్ మీరే, ఫిజియోథెరపీ మీరే, ధైర్యం చెప్పే మనిషీ మీరే. పది పైసల జీతం లేకుండా ఇన్ని పోస్టులు చూసే ఉద్యోగి సర్కారుకు ఇంకెక్కడ దొరుకుతాడు?

మొన్న ఓపీకి తీసుకుపోయాను. మూడు గంటలు వరుసలో నిలబడ్డాం.

"ఏమైతుందమ్మా?"

"నొప్పులు సారూ."

"ఎప్పటి సంది?"

"మా చిన్నోడు పుట్టినప్పటి సంది."

ఆ చిన్నోణ్ణి నేనే. నాకు నలభై రెండేళ్లు. డాక్టర్ గారు రాసింది మిమ్మల్ని, రోజుకు రెండు, ఐదు రోజులకు. ఆయన్ని ఏమనగలం? మా వెనక వరుస గేటు దాకా ఉంది. మూడు నెలలు దాటిన నొప్పిని దీర్ఘకాలిక నొప్పి అంటారు. 2022 నుంచి అమల్లో ఉన్న ప్రపంచ ఆరోగ్య సంస్థ జబ్బుల జాబితాలో దానికి సొంత కోడే ఉంది. అమ్మ చీటీ మీద మాత్రం "ఒళ్లు నొప్పులు" అనే ఉంది.

ఆరో రోజు నుంచి చీటీ అక్కర లేదు. మెడికల్ షాపు పిల్లగాడు మా మొహం చూడగానే మీ షీటు కోస్తాడు, మీ వెంట ఒక గ్యాస్ గోలీని తోడు పంపిస్తాడు. పాలమూరులో మా చెల్లె మామ కూడా మీ భక్తుడే. ముప్పై ఏళ్లు వలసపోయి డ్యాముల దగ్గర మట్టి మోశాడు. ఆయనకు ఫ్లోరైడ్ అక్కర లేకపోయింది.

ఇంతకీ, మీ మీద మన దేశంలో పాలసీ లేదనుకునేవాణ్ణి. ఉంది. పశువులకు మిమ్మల్ని ఇస్తే, ఆ పశువు కళేబరం తిన్న రాబందులు కిడ్నీలు చెడిపోయి చచ్చాయి. 2006లో పశువైద్యంలో మిమ్మల్ని నిషేధించారు. మనుషుల ఇంజెక్షన్ సీసాలను దొంగచాటుగా పశువులకు వాడుతున్నారని, 2015లో ఆ సీసాను 3 మిల్లీలీటర్లకు కుదించారు. మంచి పనే, రాబందులు బతకాలి. వాటి కిడ్నీలు రెండుసార్లు సర్కారుకు గుర్తొచ్చాయి. ఏళ్ల తరబడి మిమ్మల్ని మింగుతున్న అమ్మ కిడ్నీలు ఎట్లున్నాయని ఇంతవరకు ఏ ఓపీలోనూ అడగలేదు. ఒక్క రక్తపరీక్షతో తెలిసేదే. ఈసారి చీటీ రాయించుకునేటప్పుడు పేరు దగ్గర రాబందు అని చెప్పాలేమో.

మీకు మరీ ఎక్కువ పని పడిందని నా బాధ. వారానికోసారి మండలానికి ఒక ఫిజియోథెరపిస్టు వచ్చి, బిగుసుకున్న కీళ్లకు ఏ కదలిక మంచిదో చూపిస్తే మీకు సగం రోజులు సెలవు. పోయినసారి ఏం రాశారో చూసి, పనిచేసిందా లేదా అని అడిగే డాక్టర్ ఒకరుంటే మీకు పండగ సెలవులు కూడా. నరాల నొప్పికి వేరే మందులున్నాయి, వాటికీ కాస్త అవకాశం వచ్చేది.

రాస్తుండగానే అమ్మ పిలిచింది. "బిడ్డా, పొట్లం అయిపోయింది, వచ్చేటప్పుడు ఒక షీటు తే." రెండు తెస్తున్నా. రేపు ఆదివారం, షాపు బంద్.

ఇట్లు,
మీ పాత గిరాకీ కొడుకు