‘చివరి ప్రదర్శన’ ప్రకటన గారికి బహిరంగ లేఖ

మహారాజశ్రీ ‘చివరి ప్రదర్శన’ ప్రకటన గారి దివ్యసముఖమునకు,

తిరుపతి నుంచి ఒక నాటకాల పిచ్చివాడు నమస్కరించి వ్రాసుకొను విన్నపము. ఉభయకుశలోపరి. ఉభయులలో తమరి కుశలానికి ఏనాడూ లోటు లేదని నాకు తెలుసు; తమరు అడుగుపెట్టిన చోట ఆయుష్షు తీరేది నాటకానికే గానీ తమరికి కాదు.

తమరి వంశీకులు మా ఊళ్ళోనూ ఉన్నారు. ఏ మైదానంలో చేనేత వస్త్రాల ఎగ్జిబిషన్ పెట్టినా మొదటి వారం గడవకముందే ‘చివరి 3 రోజులు’ అని బ్యానరు కడతారు. ఆ మూడు రోజులూ పండగ దాటి, నెల దాటి, బ్యానరు రంగు వెలిసి అంచులు చిరిగే దాకా సాగుతూనే ఉంటాయి. ఆ బ్యానరును చూసి నవ్వుకునే మేమే తమరిని పత్రికల్లో చూసి కళ్ళు తుడుచుకుంటాం. న్యూయార్కులోనో లండనులోనో దశాబ్దాల తరబడి ఆడిన నాటకం మూతపడుతోందని తమరు ప్రకటించగానే, ప్రేక్షకుల అభిరుచి మారిపోయిందనీ, నాటకానికి కాలం చెల్లిందనీ మా పరిషత్తుల వేదికల మీద కూడా నిట్టూర్పులు వినబడతాయి. వక్తల నిట్టూర్పులకు మూలం తమరే కనుక, నా అభ్యంతరాలను నేరుగా తమరికే దాఖలు చేసుకుంటున్నాను.

‘ది ఫాంటమ్ ఆఫ్ ది ఒపెరా’ సంగతి తమరికి గుర్తుండే ఉంటుంది. 1988 జనవరి 26న న్యూయార్కు మెజెస్టిక్ థియేటరులో మొదలైన ఆ సంగీత నాటకం, వారానికి ఎనిమిది ఆటల లెక్కన 35 ఏళ్ళు ఆడి, ప్రేక్షకుల నెత్తి మీదుగా ఊగుతూ వచ్చి వేదిక మీద పడే అదే షాండ్లియర్ దీపాన్ని 13,981 ప్రదర్శనల పాటు చూపించింది. 2022 సెప్టెంబరులో తమరు వెలిసి, వచ్చే ఫిబ్రవరి 18తో సరి అన్నారు. అంతే, అప్పటిదాకా ఏ వారం వసూళ్ళు ఆ వారం ఖర్చుకే చాలక కుంటుతున్న నాటకానికి జనం టికెట్ల కోసం ఎగబడ్డారు. నిర్మాతలు తమరి మాటను ఎనిమిది వారాలు వెనక్కి జరిపి 2023 ఏప్రిల్ 16 దాకా ఆడించారు. ఆఖరి వారం వసూళ్ళు 30 లక్షల డాలర్లు దాటాయి. బతికి ఉన్నన్నాళ్ళూ పలకరించని బంధువులు చావు కబురు అందగానే బయలుదేరారన్నమాట.

ఆ బంధువుల్లో మా మేనల్లుడు ఒకడు. వాడుండేది న్యూజెర్సీలో; నది దాటితే థియేటరు. “ఇన్నేండ్లూ ఏం జేస్తా ఉన్నావురా?” అని ఫోనులో అడిగితే, “యాడికి పోతాదిలే మామా అనుకున్నా” అన్నాడు. విమర్శకులు పేజీలకు పేజీలు రాసినా ఇంతకంటే సూటిగా చెప్పలేరు. కొత్త నాటకాన్ని జనం ఆడుతుందో లేదోనన్న ఆత్రంతో చూస్తారు; పాతికేళ్ళు ఆడిన నాటకాన్ని వచ్చే ఏడాది చూద్దాంలే అనుకుంటారు; అలా అనుకునేవారి సంఖ్య ఒక హద్దు దాటగానే దానికి వచ్చే ఏడాది లేకుండా పోతుంది. ‘క్యాట్స్’ నాటకం వారు ‘ఇప్పుడూ, ఎల్లప్పుడూ’ అన్న మాటనే ప్రచార నినాదం చేసుకున్నారు. ఎల్లప్పుడూ ఉండేదాన్ని ఈ రోజే చూడవలసిన పనేముంది? 2000లో తమరు వచ్చి ‘ఎల్లప్పుడూ’ అనే మాటను కొట్టేశాకే జనానికి ‘ఇప్పుడు’ గుర్తుకు వచ్చింది. జూన్‌లో ముగియవలసినది సెప్టెంబరు 10 దాకా ఆడింది. ‘లే మిజరబుల్’ కథా అంతే: 2003 మార్చిలో సెలవు తీసుకుంటానని చెప్పి, టికెట్లు అమ్ముడవుతున్నాయని మే 18 దాకా కూర్చుంది. పైగా 2006లో మళ్ళీ బ్రాడ్‌వేకే, అంటే న్యూయార్కులోని ఆ నాటకశాలల పేటకే, తిరిగి వచ్చింది. ‘చివరి’ అని తమరు సంతకం పెట్టిన దస్తావేజుకు ఇంతకుమించిన పరాభవం ఏముంటుంది!

ఇంతకూ తమరిని కనేది విమర్శకుడూ కాదు, ప్రేక్షకుడూ కాదు, లెక్కలు రాసే గుమాస్తా. నాటకాన్ని వేదిక ఎక్కించడానికి పెట్టే పెట్టుబడి వేరు. ఎక్కాక వారం వారం దాన్ని నడపడానికి అయ్యే ఖర్చు వేరు. మొదటిది ఏనాడో తిరిగి వచ్చి, లాభాలు పంచుకుని, ఆ లాభాలతో కొన్న ఇళ్ళు పాతబడిపోయి ఉండవచ్చు; అయినా గడిచిన ముప్పై ఏళ్ళ లాభం ఈ వారం జీతాలకు అక్కరకు రాదు. హాలు కిటకిటలాడినా సగం ఖాళీగా ఉన్నా నటుల జీతం అదే, దీపాలవారి కూలి అదే, ప్రచారం బిల్లు అదే. ఫాంటమ్ వాద్య బృందంలోనే 27 మంది ఉండేవారు. మూతపడే నాటికి దాని వారపు ఖర్చు దగ్గరదగ్గర 10 లక్షల డాలర్లకు చేరింది. 1,600కు పైగా కుర్చీలున్న ఆ హాలు వారానికి ఎనిమిది సార్లు నిండాలంటే సుమారు 13 వేల మంది కావాలి. అంటే ఓ చిన్న పట్టణమంత జనం, ఆ నాటకం ఇంకా చూడనివారు, వారం వారం కొత్తగా దిగాలి. ఊరివాళ్ళు ఏనాడో చూసేశారు కనుక దిగవలసింది పర్యాటకులే. 2020 మార్చి 12న కరోనా వల్ల బ్రాడ్‌వే మొత్తం మూతపడి, ఏడాదిన్నర తర్వాత ఒక్కొక్కటిగా తెరుచుకునేసరికి ఖర్చులు పెరిగాయి, పర్యాటకులు తగ్గారు. క్రిస్మస్ సెలవులు దాటగానే జనవరి, ఫిబ్రవరి చలిలో హాళ్ళు పలచబడటం అక్కడ ఎప్పుడూ ఉన్నదే. అలాంటి వారాల్లో రచయితా, స్వరకర్తా, దర్శకుడూ తమ వాటాలో కొంత వదులుకోవడం కూడా ఉంది. తమరిని గుమ్మంలోనే ఆపడానికి చేసే ఆఖరి ప్రయత్నం అది.

ఖర్చే ప్రాణాంతకమనడానికి సాక్ష్యం కావాలంటే తమరు కాలు పెట్టలేక వెనుదిరిగిన ఇళ్ళను చూడండి. 1996 నవంబరులో మళ్ళీ మొదలైన ‘షికాగో’ నాటకంలో షాండ్లియర్లు లేవు. నటులు నల్ల బట్టలు వేసుకుని, వాద్య బృందాన్ని వేదిక మీదనే కూర్చోబెట్టుకుని, నాలుగు కుర్చీలతో పని కానిస్తారు. జనం పలచబడిన సీజనులో పేరున్న ముఖాన్ని ఒకటి తెచ్చి కొన్ని వారాలు ఆడిస్తారు. ఫాంటమ్ పోయినా అది పోలేదు. లండనులోని ‘ది మౌస్‌ట్రాప్’ అయితే తమరికి పరమ శత్రువు. మంచులో చిక్కుకున్న వసతి గృహం, ఒకటే సెట్టు, ఎనిమిది పాత్రలు, ఒక హత్య. హంతకుడెవరో బయట చెప్పవద్దని ఆట అయ్యాక ప్రేక్షకులను వేడుకుంటారు. ఆ వేడికోలుతోనే 1952 నవంబరు 25 నుంచి బండి నడుస్తోంది. 1974లో పక్కనున్న సెయింట్ మార్టిన్స్ థియేటరుకు మారినప్పుడు కూడా ఒక్క ఆట తప్పలేదు. 2020 మార్చిలో దాన్ని ఆపింది మహమ్మారి, తమరు కాదు. మరుసటి ఏడాది మే 17న అది తిరిగి లేచింది. న్యూయార్కులోనే నూట యాభై చిల్లర కుర్చీల బుల్లి హాలులో 1960 నుంచి 2002 దాకా 17,162 సార్లు ఆడిన ‘ది ఫాంటాస్టిక్స్’ కూడా ఈ పేదింటి సంతానమే.

ఇంటి యజమాని ఊసెత్తకపోతే తమరి వంశవృక్షం పూర్తి కాదు. అక్కడ నాటకం ఒకరిది, థియేటరు మరొకరిది. వసూళ్ళు వరుసగా కొన్ని వారాలు ఫలానా అంకెకు తగ్గితే ఖాళీ చేయించే హక్కు యజమానికి ఉండేలా ఒప్పందంలో ఒక షరతు రాసుకుంటారు. అద్దెతో పాటు వసూళ్ళలోనూ వాటా ఉంటుంది గనుక, ఆయనకు ఓ మోస్తరుగా ఆడే పాతదానికంటే విరగబడి ఆడబోయే కొత్తదే ముద్దు. ‘బీటిల్‌జూస్’ 2019లో మందకొడిగా మొదలై, కుర్రకారు ఫోన్లలో ఆ పాటలు మారుమోగడంతో పుంజుకుంది. కానీ అప్పటికే ఆ థియేటరును మరో నాటకానికి మాట ఇచ్చేశారు. హాలు నిండుతున్న రోజుల్లోనే దానికి తమరు కనబడ్డారు. ఇక 2007 జూలైలో ‘బ్యూటీ అండ్ ది బీస్ట్’ను దింపినది పరాయివారు కూడా కాదు, తమ సొంత మత్స్యకన్య నాటకం రాబోతోంది కనుక, ఊళ్ళో ఇద్దరు రాకుమార్తెలు ఎందుకని డిస్నీ వారే పెద్దమ్మాయిని పంపించారు. ఇందులో ప్రేక్షకుల అభిరుచి ఎక్కడ మారిందో మా వక్తలు చెప్పాలి.

మా దగ్గరకు వద్దాం. చిత్తూరు జిల్లా పల్లెల్లో ధర్మరాజుల గుడి ముందు భారతం జరుగుతుంది: సాధారణంగా 18 రోజులు, పగలు హరికథ, రాత్రి తెల్లవార్లూ నాటకం. అర్జునుడి వేషగాడు పద్యం పాడుతూ తపస్సు మాను ఎక్కి, పైనుంచి నిమ్మకాయలూ పూలూ విసురుతుంటే, కింద సంతానం కోరుకునే ఆడవాళ్ళు వరం కోసం తడి బట్టలతో సాగిలపడతారు. ఆఖరి రోజు నేల మీద మట్టితో పోసిన కొండంత దుర్యోధనుడి బొమ్మ చుట్టూ భీముడు గద తిప్పుతాడు. చంపవలసిన మనిషి చచ్చాక సాయంత్రం నిప్పుల గుండం తొక్కుతారు. రాత్రి రెండు గంటల వేళ వెళ్ళి చూస్తే ముందు వరుసలో చాపల మీద పిల్లలు నిద్రపోతూ, వెనక నలుగురు పెద్దవాళ్ళు దుప్పటి కప్పుకుని కూర్చుని ఉంటారు. ద్రౌపది మాత్రం నిండు సభలో పాడుతున్నట్టే పాడుతుంది. ఆమె డబ్బు ఊరి చందాలోంచి ముందే కుదిరింది. ఖాళీలు లెక్కపెట్టే గుమాస్తా అక్కడ లేడు. జాగా ధర్మరాజుది; ఆయన జూదంలో రాజ్యాన్నే పోగొట్టుకున్నవాడు గనుక అద్దె అడిగే మొహం లేదు. తమరికి ఆ ఊళ్ళో పనే లేదు.

సురభి వారిది మరో ఉపాయం. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో కీచక వధతో మొదలైన ఆ కళలో కుటుంబమే నాటక సమాజం. జీతాల పట్టీ అంటే వంటింటి లెక్కే. ఒక ఊళ్ళో డేరా వేసి కొన్నాళ్ళు ఆడి, ‘యాడికి పోతాదిలే’ అని జనం అనుకునేలోపే సామాను సర్దుకుని నిజంగానే పోయేవారు.

అలాగని మా వాళ్ళందరూ తమరిని జయించారని నేను అబద్ధమాడను. అసలు మా ఊళ్ళలో తమరి అవసరమే రానివ్వరు. పరిషత్తు పోటీ కోసం నెలల తరబడి ఆఫీసు అయ్యాక రిహార్సల్సు వేసి, సెట్టు కట్టించి, మేకప్ మనిషిని పక్క ఊరి నుంచి పిలిపించి ఆడిన నాటిక, న్యాయనిర్ణేతలు మార్కులు వేసుకోగానే అటక ఎక్కుతుంది. పద్యనాటకాల కాంట్రాక్టు నటుడికి బ్రాడ్‌వేలో మాదిరి తెర వెనుక బోర్డు మీద ఆట మూతపడుతోందన్న నోటీసు అంటించరు. ఫోను మోగడం మానేస్తుంది, అంతే. ‘చింతామణి’ నాటకాన్ని దాదాపు వందేళ్ళ పాటు జనం టికెట్టు కొనీ, కొనకుండానూ చూస్తూ వస్తే, 2022 జనవరిలో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఒక ఉత్తర్వుతో నిషేధించింది. వారపు ఖర్చు లేదు, వసూళ్ళ అంకె లేదు, పొడిగింపు అసలే లేదు. తమరి కంటే వేగంగా పని ముగించగల అధికారులు ఇక్కడ ఉన్నారని తమరు గమనించాలి.

తమరి తెలివి మాత్రం నిర్మాతలకు బాగానే వంటబట్టింది. సినిమా తారలను పెట్టి ఆడే నాటకాలకు ఈమధ్య బ్రాడ్‌వేలో మొదటి పోస్టరు మీదే ఆఖరి తేదీ అచ్చవుతోంది. ఇన్ని వారాలే, తర్వాత లేదు అని. పురిటి రోజునే కర్మ తేదీ పెట్టుకోవడం అశుభమని మా పంచాంగకర్తలు అనవచ్చు గానీ, టికెట్ల గది ముందు అంత శుభముహూర్తం మరొకటి లేదు.

కావున నా ప్రార్థన ఏమనగా: మా సమాజం వచ్చే నెల అద్దె హాలులో ఒక పద్యనాటకం వేస్తోంది. ప్రవేశం ఉచితమైనా వచ్చేవారు ఎందరో అనుమానంగా ఉంది. కరపత్రంలో పైన తమరి పేరును పెద్ద అక్షరాలతో ‘చివరి ప్రదర్శన’ అని వేసుకోవడానికి అనుమతి దయచేయించండి. వినియోగదారుల ఫోరానికి ఎవరు వెళ్ళినా మాకు భయం లేదు; మొదటిదీ అదే కావడం వల్ల అబద్ధం చెప్పినవాళ్ళం కాము.

చిత్తగించవలెను.

ఇట్లు
తమ విధేయుడు,
మూడో వరుసలో పక్క కుర్చీ ఖాళీగా ఉన్న ప్రేక్షకుడు,
తిరుపతి.