కొత్త విడిభాగం కొనే ముందు పాత తూటాను చూడండి

సెమీ ఆటోమేటిక్ షాట్‌గన్ మొరాయిస్తోందని మనలో ఎవరైనా చెప్పగానే, ఫలానా స్ప్రింగు మార్చమనీ, ఫలానా పిస్టన్ తెప్పించమనీ, అసలు ఆ తుపాకీనే అమ్మేసి రెట్టింపు ధరలో ఇంకొకటి కొనమనీ సలహాలు వచ్చిపడతాయి. గాలిలోకి విసిరే పళ్ళేల టార్గెట్లను కాల్చే క్లే షూటింగ్‌ను వారాంతపు వ్యాపకంగా పెట్టుకున్న మన టెక్సాస్ మిత్రులలో ఈ ధోరణి నాకు తరచుగా కనిపిస్తోంది. దీనితో నేను ఏకీభవించను. తుపాకీ ఏ దశలో ఆగిందో తెలియకుండా విడిభాగాలు మార్చుకుంటూ పోవడం డబ్బు దండగే కాదు, ప్రమాదాన్ని చేతిలో పెట్టుకుని తిరగడం కూడా.

ట్రిగ్గర్ ఒక్కసారి నొక్కినందుకు ఈ తుపాకీ వరుసగా చాలా పనులు చేయాలి. తూటాను పేల్చాలి, ఖాళీ డొక్కును చాంబర్ (తూటా కూర్చునే గది) నుంచి లాగి పక్కకు విసరాలి, ఫైరింగ్ పిన్ అనే సూదిని కొట్టే హ్యామర్‌ను మళ్ళీ ఎక్కుపెట్టాలి, మ్యాగజైన్‌లోని కొత్త తూటాను పైకి లేపి చాంబర్‌లోకి తోయాలి, చివరికి చాంబర్‌ను వెనుక నుంచి మూసే బోల్టు పూర్తిగా బిగుసుకోవాలి. వీటిలో ఏది తప్పినా మనవాళ్ళు ‘మిస్‌ఫైర్’ అనే అంటారు. కానీ తూటా అసలు పేలకపోవడానికీ, పేలాక డొక్కు బయటికి రాకపోవడానికీ కారణాలు పూర్తిగా వేరు, పరిష్కారాలూ వేరు.

ముందుగా తూటా పేలని సందర్భాన్ని చూద్దాం. టక్కుమని శబ్దం మాత్రమే వస్తే, ఆ క్షణంలో లోపాన్ని వెతకకూడదు. గొట్టాన్ని టార్గెట్ల వైపే ఉంచి, వేలిని ట్రిగ్గర్ మీద నుంచి తీసి, కనీసం 30 సెకన్లు అలాగే నిలబడాలి. తూటా అడుగున నిప్పు పుట్టించే ప్రైమర్ అంటుకున్నా లోపలి మందు ఆలస్యంగా మండే అవకాశం ఉంటుంది. బోల్టు తెరిచాక అది జరిగితే డొక్కు మన ముఖం ముందే పగులుతుంది. కొన్ని రేంజీలలో పూర్తి నిమిషం ఆగమంటారు. దాన్ని చాదస్తమని విసుక్కునేవారి పక్కన నిలబడి కాల్చడానికి నేను ఇష్టపడను.

ఇంతకంటే ప్రమాదకరమైనది, ఎప్పటి పెద్ద శబ్దానికి బదులు నీరసంగా ‘తుస్సు’మని వినిపించడం. అలాంటప్పుడు తూటాలో మందుకూ గుండ్లకూ మధ్య ఉండే ప్లాస్టిక్ వాడ్ గొట్టంలోనే ఇరుక్కుపోయి ఉండవచ్చు. తుపాకీని ఖాళీ చేసి, గొట్టాన్ని విప్పి, ఒక చివర నుంచి మరో చివరకు వెలుతురు కనబడుతోందో లేదో చూడకుండా రెండో తూటా కాల్చకూడదు. ఇరవై గేజ్ తూటా సంగతీ ఇలాంటిదే (గేజ్ అంటే గొట్టం వెడల్పు కొలత, అంకె పెరిగితే గొట్టం సన్నం). అది 12 గేజ్ చాంబర్‌లో పడితే ముందుకు జారి గొట్టంలో చిక్కుకుంటుంది. ట్రిగ్గర్ నొక్కితే టక్కుమంటుంది. తూటా పెట్టడం మరిచామనుకుని వెనుక నుంచి 12 గేజ్ తూటా పెట్టి కాలిస్తే గొట్టం పగిలి, ముందు పట్టుకున్న చెయ్యి పోతుంది. 20 గేజ్ తూటాలు పసుపు రంగులో ఉండటానికి కారణం ఇదే. ఆలుమగలు వేర్వేరు గేజ్ తుపాకీలతో వచ్చి, తూటాలన్నీ ఒకే సంచిలో వేసుకోవడం ఇకనైనా మానాలి.

ఆగవలసినంత సేపు ఆగి, బయటికి తీసిన తూటాను వెంటనే పారేయకండి. దాని అడుగున మధ్యలో ఉండే ప్రైమర్‌ను వెలుతురులో చూడండి. ఫైరింగ్ పిన్ కొట్టిన గుంట లోతుగా, నడిమధ్యన ఉంటే తుపాకీ తన పని తాను చేసినట్టే, తప్పు తూటాది. తేమ తగిలిన పాత తూటాల్లోనూ, ఇంట్లో రీలోడ్ చేసిన తూటాల్లోనూ ఇది కనిపిస్తుంది. గుంట ఉండీ లేనట్టు పైపైన ఉంటే పిన్ తిరిగే మార్గంలో గడ్డకట్టిన నూనె, మసి ఉండవచ్చు, హ్యామర్ స్ప్రింగు బలం తగ్గి ఉండవచ్చు, లేదా బోల్టు పూర్తిగా మూసుకోకముందే హ్యామర్ పడి ఉండవచ్చు. గుంటే లేకపోతే పిన్ విరిగిందా, బోల్టు వెనకే నిలిచిపోయిందా అని చూడాలి. ఒక్క తూటా అడుగు ఇంత సమాచారం ఇస్తుండగా దాన్ని చెత్తబుట్టలో వేసి విడిభాగాల ధరలు వెతకడంలో అర్థమేమిటో నాకు బోధపడదు.

బోల్టు మూసుకోకపోవడం గురించి కొంచెం వివరంగా చెప్పాలి. బెనెల్లి వంటి ఇనర్షియా తుపాకీల్లో (వెనక్కి తన్నే కదలికతోనే ఆడేవి) బోల్టు తల కొంచెం తిరిగి తాళం పడుతుంది. శబ్దం వస్తుందని బోల్టును చేత్తో పట్టుకుని మెల్లగా ముందుకు వదిలినా, నింపిన తుపాకీ దేనికైనా తగిలి బోల్టు వెంట్రుకవాసి వెనక్కి జరిగినా, తల సగమే తిరుగుతుంది. పైకి అంతా సవ్యంగా కనిపిస్తుంది, ట్రిగ్గర్ నొక్కితే మాత్రం టక్కుమంటుంది. దీనిని షూటర్లు ‘బెనెల్లి క్లిక్’ అంటారు. కొత్త మోడళ్ళలో కంపెనీ దీనికి పరిష్కారం చేర్చింది. పాతవి ఉన్నవారు బోల్టును పూర్తిగా వెనక్కి లాగి ఒక్కసారిగా వదిలేయడం అలవాటు చేసుకుంటే చాలు. దీనికి డబ్బు ఖర్చేమీ లేదు.

ఇక తూటా పేలి, ఖాళీ డొక్కు సగం బయటికి వచ్చి, అది బయటికి పోవలసిన పక్క కిటికీలో ఇరుక్కునే సందర్భం. ఇక్కడ మొదటి అనుమానితురాలు తేలిక తూటా. పెట్టె మీద ఔన్సులు, వేగం చదవండి. పావుతక్కువ ఔన్సు గుండ్లున్న తూటాను పిల్లల భుజం నొప్పి పుట్టకుండా కొంటాం, మంచిదే. కానీ బోల్టును వెనక్కి నెట్టేంత శక్తి దానిలో ఉండకపోవచ్చు. కొత్త ఇనర్షియా తుపాకీని మొదట్లో ఔన్సుంపావుకు దగ్గరగా ఉండే బరువైన తూటాలతో ఆడించి, ఆ తర్వాత తేలికవాటికి దిగడం మేలు. అదే తుపాకీకి లైటు, అదనపు తూటాల పట్టీ తగిలిస్తే వెనక్కి తన్నే కదలిక తగ్గి, అంతవరకు బాగా ఆడినది కాస్తా ఆగిపోతుంది.

గ్యాస్ తుపాకీలో గొట్టానికున్న చిన్న రంధ్రాల గుండా వచ్చే వాయువు పిస్టన్‌ను నెడుతుంది. 1963లో వచ్చిన రెమింగ్టన్ 1100 నేటికీ ఎందరి చేతుల్లోనో ఉంది. దానిలో వాయువు బయటికి పోకుండా ఆపేది ఒక రబ్బరు ఓ-రింగు. ఆ రింగు చిట్లినా, శుభ్రం చేసి తిరిగి బిగించేటప్పుడు పిస్టన్‌నూ దాని సీలునూ తిరగేసి పెట్టినా డొక్కు బయటికి రాదు. కొన్ని డాలర్ల రింగు చూడకుండా తుపాకీనే అమ్మేసుకునేవారికి ఏం చెప్పగలం? నూనె విషయంలోనూ మనకు నిగ్రహం తక్కువ. ఆవకాయ మీద తేలేలా పోసినట్టు మ్యాగజైన్ ట్యూబు మీద నూనె పోస్తే, కాలిన మసితో కలిసి అది జిగురుగా మారి పిస్టన్‌ను పట్టేస్తుంది. పలచని పొర చాలు. మిన్నెసోటా చలిలో బాతుల వేటకు వెళ్ళేవారికి అదీ ఎక్కువే కావచ్చు, ఎందుకంటే చలికి చిక్కబడే నూనె ఫైరింగ్ పిన్‌నూ మందగింపజేస్తుంది.

ఎవరూ తెరిచి చూడని చోటు ఇంకొకటుంది. చాలా మోడళ్ళలో బోల్టును ముందుకు తోసే రిటర్న్ స్ప్రింగు భుజానికి ఆనించే బట్ లోపల ఒక గొట్టంలో ఉంటుంది. వానలో తడిసిన నీరు, పైన పోసిన నూనె అన్నీ అక్కడికే దిగుతాయి. బట్ చివరి ప్యాడ్ తీసి, లోపలి మరను విప్పి ఆ స్ప్రింగును లాగితే, కాఫీ మడ్డి రంగు తుప్పు బురద దానితోపాటు బయటికి వస్తుంది. స్ప్రింగు బిగుతు మీద ఉంటుంది కాబట్టి విప్పేటప్పుడు ముఖం పక్కకు పెట్టుకోవాలి, కళ్ళద్దాలు తప్పనిసరి. గల్ఫ్ తీరపు ఉప్పుగాలిలో, హ్యూస్టన్ ఉక్కలో ఉండే తుపాకీలకు ఇది మరీ అవసరం. దసరాకు గొట్టానికి బొట్టు పెట్టి పూజించేవాళ్ళం ఆ రోజైనా బట్ విప్పి చూడకపోవడం నాకు వింతగా ఉంటుంది.

ట్రిగ్గర్, హ్యామర్ కలిసి ఉండే ట్రిగ్గర్ గ్రూపును మాత్రం ఇంట్లో అరగదీయవద్దు. అలా చేసిన తుపాకీ నేల మీద పడినప్పుడు దానంతటదే పేలవచ్చు. అది గన్‌స్మిత్ చేయవలసిన పని. హెచ్-1బి వంటి వీసాల మీద ఉన్నవారు తుపాకీ చేతికి తీసుకునే ముందే న్యాయవాదిని అడగాలి, ఫెడరల్ చట్టం వారిని సాధారణంగా నిషేధిస్తుంది, వేట లైసెన్సు వంటి కొన్ని మినహాయింపులే ఉన్నాయి.

మన సంఘాల క్రీడా విభాగాలు షూటింగ్ పిక్నిక్ పెట్టినప్పుడు భోజనాల ఏర్పాటు మీద చూపే శ్రద్ధలో కొంత దీనికీ కేటాయించాలని నా సూచన. పాల్గొనే ప్రతివారి చేత తమ తుపాకీని ఒకసారి విప్పించి, తిరిగి బిగింపజేసి, గేజ్ చూసి తూటాలు వేరు చేయించాకే స్టాండు మీదికి పంపాలి. ఏటా ఒక్కసారైనా విప్పి చూసే ఓపిక లేనివారికి నేను సెమీ ఆటోమేటిక్ కొనమని చెప్పను; ఒకదాని మీద ఒకటిగా రెండు గొట్టాలుండే ఓవర్-అండర్ కొనుక్కోమంటాను.