చరిత్రకు అద్దె బాకీ

అన్యాయాన్ని ఎదిరించి చరిత్రకెక్కాలని ఉవ్విళ్లూరేవారికి పెద్దలు ధైర్యం, త్యాగం, సహనం అంటూ చాలా బోధిస్తారు. అసలు సంగతి మాత్రం ఒక్కరూ చెప్పరు: రోడ్డెక్కే ముందు కాపీరైటు లాయరును కలవాలి. ఈ విషయంలో అమెరికా సాధించిన క్రమశిక్షణ లోకానికే ఆదర్శం. అక్కడ చరిత్ర దిక్కూమొక్కూ లేకుండా వీధిన పడి ఉండదు. ప్రతి ముక్కకూ ఒక యజమాని, ఒక దస్తావేజు, నిమిషానికి ఇంత అని ఒక ధర ఉంటాయి. ఆ దేశపు డాక్యుమెంటరీలు చూసి కన్నీళ్లు పెట్టుకునేవారు ఈ సదుపాయాన్ని గమనించకపోవడం విచారకరం.

1965 మార్చి 7నే తీసుకోండి. అలబామా రాష్ట్రంలోని సెల్మా పట్టణం. నల్లజాతివారి ఓటు హక్కు కోసం బయల్దేరిన ఆరు వందల మంది ఎడ్మండ్ పెట్టస్ వంతెన దాటుతున్నారు. ముందు వరుసలో ఉద్యమ నాయకుడు, పాతికేళ్ల జాన్ లూయిస్. లేత రంగు వానకోటు, వీపున సంచి. సంచిలో చదువుకోవడానికి పుస్తకాలు, ఒక ఆపిల్, ఒక నారింజ, పళ్లు తోముకునే బ్రష్షు. జైలుకు తీసుకెళ్తారని తెలుసు కనుక ఇంటి దగ్గరే అన్నీ సర్దుకున్నారు. ఇంత ముందుచూపున్న మనిషి ఫుటేజీ ఒప్పందం ఒక్కటి సర్దుకోవడం మరిచిపోయారు. వంతెన దిగీ దిగకముందే పోలీసు లాఠీ తలకు తగిలి పుర్రె చిట్లింది. ఆ రాత్రి ఏబీసీ టీవీ, నాజీల విచారణ మీద వస్తున్న ఒక సినిమాను మధ్యలో ఆపి మరీ ఈ దృశ్యాలు చూపించింది. దేశం నివ్వెరపోయింది. ఆగస్టుకల్లా ఓటు హక్కు చట్టం వచ్చింది. పుర్రె లూయిస్‌ది, లాఠీ ప్రభుత్వానిది, ఫిల్ము టీవీవాళ్లది. మూడింటిలోకీ అద్దె రాబట్టేది ఆఖరుది ఒక్కటే.

ఆ రోజుల్లోనే హెన్రీ హాంప్టన్ కూడా సెల్మా వెళ్లారు. చిన్నప్పుడు పోలియో సోకిన కాలితో ఊరేగింపులో నడుస్తూ, దీన్నంతా ఎప్పటికైనా తెరకెక్కించాలనుకున్నారు. ఇరవై ఏళ్లకు పైగా పట్టింది. 1987లో ఆరు భాగాలు, 1990లో మరో ఎనిమిది భాగాలుగా ‘ఐస్ ఆన్ ద ప్రైజ్’ వచ్చింది. పౌరహక్కుల ఉద్యమం మీద ఇంతకు మించిన డాక్యుమెంటరీ లేదని నా అభిప్రాయం. అయితే హాంప్టన్ చేతిలో ఎప్పుడూ డబ్బు ఆడేది కాదు. పదుల కొద్దీ సంస్థల నుంచి తెచ్చిన ఫుటేజీకీ, ఫోటోలకూ, పాటలకూ శాశ్వత హక్కులు కొనే స్తోమత లేక కొన్నింటిని కొన్నేళ్ల గడువుకే తీసుకున్నారు. 1990ల మధ్యకు వచ్చేసరికి గడువులు తీరిపోయాయి. ఇక టీవీలో వేయకూడదు, కొత్తగా అమ్మకూడదు. బస్సులో ఎక్కడ కూర్చోవాలన్న దాని మీద ఏడాదికి పైగా పోరాడి గెలిచిన మాంట్‌గోమరీ పట్టణపు నల్లజాతి ప్రజలు, అద్దె గడువు దగ్గర మారుమాట లేకుండా దిగిపోయారు. బడుల్లో, లైబ్రరీల్లో మిగిలిన పాత క్యాసెట్లు అరిగేదాకా తిరిగాయి. హాంప్టన్ 1998లో కన్నుమూశారు. చివరికి ఫోర్డ్ ఫౌండేషన్ 6 లక్షల డాలర్లు, ఇంకో దాత రెండున్నర లక్షల డాలర్లు ఇచ్చి బాకీలు తీర్చాక, 2006లో ఉద్యమం మళ్లీ టీవీలోకి అడుగుపెట్టగలిగింది.

ఆ బాకీల్లో ఒకదాని గురించి ప్రత్యేకంగా చెప్పుకోవాలి. మార్టిన్ లూథర్ కింగ్ పుట్టినరోజున సహచరులు చుట్టూ చేరి ‘హ్యాపీ బర్త్‌డే’ పాడే దృశ్యం అందులో ఉంది. కింగ్ మీద నిఘా పెట్టిన ఎఫ్‌బీఐ అధినేత హూవర్‌కు కూడా ఈ నేరం తట్టలేదు. ఆ పాటకు యజమాని ఉన్నాడు! 1893 నాటి బడిపిల్లల బాణీకి పుట్టినరోజు మాటలు తగిలించిన ఆ పాట మీద వార్నర్ చాపెల్ సంస్థ దశాబ్దాల పాటు రుసుము వసూలు చేసింది. ఆ హక్కు చెల్లదని 2015లో కోర్టు తేల్చింది. మరుసటి ఏడాది కోటీ 40 లక్షల డాలర్లు కట్టడానికి ఒప్పుకుని సంస్థ బయటపడింది. ఎవరూ పాడకుండా కాపాడుకొచ్చినందుకు ఇదీ ప్రతిఫలం.

కింగ్‌కు మాత్రం కాగితాల విలువ తెలుసు. 1963లో వాషింగ్టన్‌లో రెండున్నర లక్షల మంది ఎదుట చేసిన ప్రసంగానికి ఆ ఏడాదే కాపీరైటు నమోదు చేయించి, అడగకుండా రికార్డులు అమ్ముకుంటున్న కంపెనీల మీద దావా వేసి ఆపించారు. ఉద్యమానికి చేరవలసిన డబ్బు కనుక ఎవరూ తప్పు పట్టలేరు. తర్వాత ఆ బాధ్యత వారసుల మీద పడింది. సీబీఎస్ టీవీ ఆ రోజు తన కెమెరాతో తాను తీసుకున్న దృశ్యాలనే డాక్యుమెంటరీలో వాడితే వారసులు కోర్టుకెక్కారు. దేశమంతా విన్న ఆ ప్రసంగం, చట్టం లెక్కలో ఇంకా ‘ప్రచురణ’ కాలేదని, కనుక హక్కు పోలేదని 1999లో అప్పీలు కోర్టు అభిప్రాయపడింది. వాదనలు వినిపించే తీరు తెలియాలే గానీ, సూర్యోదయం కూడా ఇంకా ప్రచురణ కాలేదని నిరూపించవచ్చు.

ఇంత కట్టుదిట్టంగా కాపాడిన గొంతు 2018 ఫిబ్రవరి 4న దేశమంతటా మోగింది. అమెరికన్ ఫుట్‌బాల్ ఫైనల్ అయిన సూపర్ బౌల్ మధ్యలో, రామ్ అనే ట్రక్కుల ప్రకటనలో. సరిగ్గా యాభై ఏళ్ల కిందట అదే తేదీన అట్లాంటా చర్చిలో చేసిన ప్రబోధం అది. అదే ప్రబోధంలో కింగ్, ప్రకటనలు ఇచ్చేవాళ్లు మాటల గారడీతో జనం చేత వస్తువులు ఎలా కొనిపిస్తారో, స్తోమతకు మించిన కార్లు కొని గొప్పలకు పోవడం ఎంత తెలివితక్కువో వివరంగా చెప్పారు. ఆ ముక్క ప్రకటనలోకి రాలేదు. నిడివి సమస్య కావచ్చు. అనుమతి మాత్రం వారసుల తరఫు సంస్థ నుంచి పద్ధతి ప్రకారమే తీసుకున్నారు.

కాబట్టి నా సలహా ఏమిటంటే, తిరుగుబాటు చేయదలచుకున్నవారు కెమెరా కదలడం నేర్వకముందే చేసి ఉండాలి. బానిసత్వం మీద జరిగిన 1861-65 అమెరికా అంతర్యుద్ధం ఈ కిటుకు బాగా పట్టుకుంది. ఆనాటి ఫోటోల్లో చాలావరకు ప్రభుత్వ భాండాగారాల్లో ఉన్నాయి, అందులోని సైనికులు పారితోషికం అడగరు. చచ్చినవాడి కళ్లు చారెడంటారు. డాక్యుమెంటరీ దర్శకుడు కెన్ బర్న్స్ కెమెరా ఫోటో మీద మెల్లగా ముందుకు జరిగితే అవి నిజంగానే చారెడవుతాయి. 1990లో ఆ యుద్ధం మీద ఆయన తీసిన పదకొండు గంటల సిరీస్‌ను దాదాపు 4 కోట్ల మంది చూశారు. అందరి చేతా కంటతడి పెట్టించిన ఫిడేలు రాగం మాత్రం 1982లో కట్టినది. అమరవీరులు ఉచితమే, ఏడిపించడానికే ఖర్చు.

ఖర్చంటే జనరల్ మోటార్స్ గుర్తొచ్చింది. ఆ సిరీస్‌కు అండగా నిలిచిన కంపెనీ అదే. బానిసత్వం ఎంత ఘోరమో చెప్పడానికి కార్ల కంపెనీలకు అభ్యంతరం ఉండదు. ఫ్లింట్ పట్టణంలో అదే కంపెనీ మూసేసిన కార్ఖానాల మీద 1989లో మైకేల్ మూర్ తీసిన సినిమాకు మాత్రం ఎందుకో ఆ ఔదార్యం చేరలేదు. ఇక ప్రజల డబ్బుతో ఇలాంటివి తీయడం గోడకేసిన సున్నమని గ్రహించిన అమెరికన్ కాంగ్రెస్, ప్రజా ప్రసారాలకు కేటాయించిన 110 కోట్ల డాలర్లను 2025 జులైలో వెనక్కి లాక్కుంది. ఇకపై చరిత్ర తనకు తానే స్పాన్సరును వెతుక్కుంటుంది.

ఇదంతా మనకెందుకు అనేవారు 1965 అక్టోబరులో అధ్యక్షుడు జాన్సన్ సంతకం చేసిన వలస చట్టాన్ని ఒకసారి చూడాలి. ఆసియావాసులకు ఏళ్ల తరబడి మూసి ఉన్న తలుపును పౌరహక్కుల ఉద్యమపు ఊపే తెరిపించింది. డాలస్‌లో, న్యూజెర్సీలో నేడు గృహప్రవేశాలు చేసుకుంటున్న తెలుగు కుటుంబాలు ఆ తలుపులోంచి వెళ్లినవే. అదృష్టవశాత్తూ ఆ దారికి ఇంతవరకు ఎవరూ రాయల్టీ అడగలేదు. కృతజ్ఞతగా మనవాళ్లు కూడా ఆ ప్రస్తావన తీసుకురారు.

ఎవరికీ అద్దెకివ్వకుండా దాచిన చరిత్ర కూడా ఉంది. 1969 వేసవిలో న్యూయార్క్‌లోని నల్లజాతి పేట హార్లెంలో జరిగిన సంగీతోత్సవాన్ని హాల్ టల్చిన్ సుమారు 40 గంటల పాటు చిత్రీకరించారు. స్టీవీ వండర్, నీనా సిమోన్, మహాలియా జాక్సన్ అందరూ ఉన్నారు. అప్పట్లో కొంత టీవీలో కనిపించినా, సినిమాగా తీయడానికి కొనేవాళ్లు దొరకలేదు. అదే వేసవిలో జరిగిన వుడ్‌స్టాక్ రాక్ సంగీతోత్సవం మరుసటి ఏడాదికే సినిమా అయింది. హార్లెం మాత్రం దాదాపు యాభై ఏళ్లు నేలమాళిగలో విశ్రాంతి తీసుకుని, 2021లో ‘సమ్మర్ ఆఫ్ సోల్’గా బయటికొచ్చింది. 2022లో ఆస్కార్ కూడా వచ్చింది. ఆ అవార్డు ప్రకటించడానికి వేదికెక్కిన హాస్యనటుడు క్రిస్ రాక్‌ను నటుడు విల్ స్మిత్ చెంప మీద కొట్టడంతో, వెంటనే చదివిన విజేత పేరు ఎవరి చెవికీ ఎక్కలేదు. ఆ చెంపదెబ్బ దృశ్యం మీద హక్కులు ఆస్కార్ ఇచ్చే అకాడమీవి. దాని మీద డాక్యుమెంటరీ తీసే ఉద్దేశం ఎవరికైనా ఉంటే, దరఖాస్తు ఇప్పుడే పెట్టుకోవడం మంచిది.