స్విచ్ లేని కరెంటు

క్యాన్సర్‌కు రేడియేషన్ ఇస్తే మన ఊళ్లలో ‘కరెంటు పెట్టారు’ అంటారు. ఇప్పుడు పెద్దాసుపత్రుల్లో ఎక్కువగా కనిపించే లీనియర్ యాక్సిలరేటర్‌కు ఆ మాట చక్కగా సరిపోతుంది. అది కరెంటుతోనే కిరణాలు పుట్టిస్తుంది. స్విచ్ ఆపితే అవీ ఆగిపోతాయి. పాత కోబాల్ట్ మిషన్ అలా కాదు. అందులోని కోబాల్ట్-60 పగలూ రాత్రీ, పండగా పబ్బమూ లేకుండా గామా కిరణాలు వదులుతూనే ఉంటుంది. చికిత్స అయ్యాక దాన్ని కవచం చాటుకు జరుపుతారు, అంతే. ఆస్పత్రికి తాళం పడినా దాని పని దానిదే.

మనం మాత్రం భయపడాల్సిన చోట కాకుండా ఇంకోచోట భయపడుతుంటాం. థైరాయిడ్ క్యాన్సర్‌కు అయోడిన్-131 ఇచ్చి పేషెంటును విడిగా గదిలో ఉంచితే ఇంటిల్లిపాదికీ టెన్షన్. నిజానికి దాని శక్తి 8 రోజులకోసారి సగమవుతుంది. స్కాన్లలో వాడే టెక్నీషియం-99ఎం అయితే 6 గంటలకే. కోబాల్ట్-60కి మాత్రం ఐదేళ్ల పైచిలుకు, అలాగే కొన్ని రేడియేషన్ మిషన్లలో వాడిన సీజియం-137కి 30 ఏళ్లు పడుతుంది. ఆ 30 ఏళ్లలో ఎంతమంది స్టోర్ కీపర్లు రిటైరవుతారో లెక్కేసుకోండి.

బ్రెజిల్‌లోని గొయానియాలో ఓ ప్రైవేటు క్లినిక్ వేరే చోటికి మారుతూ సీజియం మిషన్‌ను పాత భవనంలోనే వదిలేసింది. 1987 సెప్టెంబరులో ఇద్దరు దాన్ని ఊడదీసి తుక్కు దుకాణంలో అమ్మారు. లోపలి పదార్థం చీకట్లో నీలంగా మెరుస్తుంటే దుకాణదారు ముచ్చటపడి బంధువులకూ స్నేహితులకూ పంచిపెట్టాడు. నలుగురు చనిపోయారు. వారిలో ఒకరు ఆరేళ్ల పాప. లక్షా 12 వేల మందిని పరీక్షిస్తే 249 మందిలో దాని ఆనవాళ్లు దొరికాయి. కొన్ని ఇళ్లు కూల్చి, మట్టి తవ్వి తరలించాల్సి వచ్చింది. ఇదంతా వంద గ్రాములు కూడా లేని పదార్థం చేసిన పని!

అదే ఏడాది మన దేశంలో రేడియోధార్మిక వ్యర్థాలను వదిలించుకోవడానికి నిబంధనలు వచ్చాయి. అయినా 2010లో ఢిల్లీ విశ్వవిద్యాలయం రసాయనశాస్త్ర విభాగంలో 1985 నుంచి వాడకుండా పడున్న గామా సెల్‌ను, అంటే ప్రయోగాలకు వాడే కోబాల్ట్-60 మిషన్‌ను, తుక్కు కింద వేలం వేసేశారు. ఢిల్లీలోని మాయాపురి తుక్కు మార్కెట్‌లో పనివాళ్లు దాన్ని విప్పారు. ఒకరు చనిపోయారు, మరికొందరు ఆస్పత్రి పాలయ్యారు. లెక్క ప్రకారం ఆ పాతికేళ్లలో కోబాల్ట్ శక్తి దాదాపు ఇరవయ్యారో వంతుకు తగ్గి ఉండాలి. ఆ మిగిలిందే ప్రాణం తీసింది.

అందుకే నిబంధన ఉంటే చాలదంటాను. మిషన్ సంగతి తెలిసినవాళ్లు వెళ్లిపోయాక, కొత్తగా వచ్చినవాళ్లకు అది మూలన పడ్డ ఇనుమే. తిరిగి అప్పగించడానికయ్యే ఖర్చును కొనేరోజే డిపాజిట్‌గా కట్టించుకోవాలి. అప్పుడు ఆ డబ్బు కోసమైనా దాన్ని ఎవరో ఒకరు గుర్తుపెట్టుకుంటారు. కాలేజీలూ ఆస్పత్రులూ తుక్కు వేలం వేసేముందు రేడియేషన్ మీటరుతో ఒకసారి చూడటం పెద్ద ఖర్చేమీ కాదు.

నల్లమలలో యురేనియం వద్దని 2019లో తెలంగాణ అసెంబ్లీ తీర్మానం చేసింది. మంచిదే. అడవి రాళ్లలో పలచగా ఉన్నదాని మీద అంత పట్టింపు ఉన్న మనం, ఊరి నడుమ సీసం కవచంలో చిక్కగా ఉన్నదాని గురించి అడగం.

తుక్కు కొట్టేవాడికి సీసం మంచి ధర పలికే లోహం. దానిమీద రేడియేషన్ ఉందని హెచ్చరించే మూడు రేకుల గుర్తు అతనికేమీ చెప్పదు. అది గ్రహించే 2007లో పుర్రె, పరుగెత్తే మనిషి బొమ్మలతో ఎర్రటి కొత్త గుర్తు తెచ్చారు. అంతకుముందే కొని మూలన పడేసిన మిషన్లకు దాన్ని ఎవరు అంటిస్తారు?